కాశ్యప బ్రూనో గారి ఓటు హక్కు

తన ఇంట్లో నూట పద్నాలుగు మంది కాపురం ఉంటున్నారన్న భయంకరమైన సంగతి త్రివేణికి శనివారం పొద్దున, రెండో ఇడ్లీని చట్నీలో ముంచుతుండగా తెలిసింది.

ల్యాప్‌టాప్ తెరమీద ఫ్రిస్కో అఖండ తెలుగు సమితి వారి ఓటర్ల జాబితా ఉంది. చిరునామాల వరుసలో ఒకే చిరునామా పైనుంచి కిందికి జారుతూనే పోతోంది. అది తనదే. ఆమె ఇడ్లీ పక్కనపెట్టి, లేచి, ఇల్లంతా ఓసారి తిరిగి చూసింది. మూడు పడగ్గదులు. ఒకదాంట్లో మూడో తరగతి చదివే కూతురు నిధి ఇంకా నిద్రలేవలేదు. ఒకదాంట్లో తామిద్దరి మంచం. మూడోదాంట్లో బియ్యం బస్తాలు, వ్యాయామం చేద్దామని కొన్న సైకిల్, దానిమీద ఆరేసిన బట్టలు. వంటింట్లో భర్త రాకేష్ ఇంకో వాయి ఇడ్లీ వేస్తున్నాడు. మిగతావాళ్ళు ఎక్కడా కనిపించలేదు.

"రాకేష్, మనింట్లో ఎంతమంది ఉన్నాం?"

"ముగ్గురం. ఎందుకు, ఎవరన్న వస్తున్నరా? ఫర్వాలే, పిండి ఉన్నది."

సమితి గురించి మీకు కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. ఇలాంటిది మీ ఊళ్ళోనూ ఉంటుంది. ఒక్కటే ఉందంటే ఇంకా చీలలేదని అర్థం. తెలుగువారి ఐక్యత కోసం పుట్టిన ఈ సంస్థలో ప్రస్తుతం ఐక్యత ప్యానెల్, సమైక్యత ప్యానెల్ అని రెండే పక్షాలున్నాయి. ఇద్దరి ఆశయమూ ఒకటే కాబట్టి రాజీ కుదిరే అవకాశం లేదు. ఐక్యత తరఫున అధ్యక్ష పదవికి నిలబడినవారు ఆంజనేయప్రసాద్ గారు. సాఫ్ట్‌వేర్ మనుషుల్ని కంపెనీలకు సరఫరా చేసే కన్సల్టెన్సీ ఆయనది. సమైక్యత తరఫున కృష్ణమోహన్ గారు. ఆయన ఇళ్ళు కొనిపిస్తారు, అమ్మిస్తారు, మంచివి దొరికితే తామే కొని అద్దెకిస్తారు. అధ్యక్షుడికి జీతం లేదు, చెప్పుకోదగ్గ అధికారమూ లేదు. ఏటా ఉగాది సభకు హైదరాబాద్ నుంచి వచ్చే సినిమా హీరోకు విమానాశ్రయంలో శాలువా కప్పే హక్కు మాత్రం ఉంది. దానికోసం పెద్దమనుషులిద్దరూ ఆర్నెల్లుగా నిద్రాహారాలు మానేశారు. ఓటర్లకు మాత్రం ఆహారం ఆపకుండా పెడుతున్నారు.

ఎన్నికల అధికారి నిష్పక్షపాతంగా ఉండాలని నియమావళి. అందుకని రెండు పక్షాలూ కలిసి త్రివేణిని ఏకగ్రీవంగా నియమించాయి. ఆమె ఉద్యోగం ఆంజనేయప్రసాద్ గారి కన్సల్టెన్సీలో, సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. ఆమె అద్దెకుంటున్నది కృష్ణమోహన్ గారి ఇంట్లో. ఆమె వీసా ఒకరి చేతిలో, ఆమె ఇల్లు మరొకరి చేతిలో. ఒక మనిషిని రెండువైపుల నుంచీ సమానంగా పట్టుకుంటే నిటారుగా నిలబడక ఏం చేస్తుంది? నిష్పాక్షికతకు ఇంత శాస్త్రీయమైన ఏర్పాటు మరే దేశంలోనూ లేదని సలహా మండలి అధ్యక్షురాలు వసుమతి గారు ఆనాటి సభలో మెచ్చుకున్నారు కూడా.

ఆ వీసా వచ్చే నెలతో ముగుస్తుంది. పొడిగించమని దరఖాస్తు పెట్టాల్సింది కంపెనీయే. పెట్టకపోతే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే ముగ్గురూ పెట్టెలు సర్దుకోవాలి. రాకేష్ ఆమె మీద ఆధారపడిన వీసా మీద వచ్చాడు, ఉద్యోగం చెయ్యడానికి లేదు. అతను చదివిన ఇంజనీరింగు ప్రస్తుతం ఇడ్లీలు సమాన పరిమాణంలో రావడానికి ఉపయోగపడుతోంది.

ఇక నియమావళి ప్రకారం ఓటరు ఫ్రిస్కోలో నివసిస్తూ సభ్యత్వం తీసుకుంటే చాలు. వయసు, ప్రాణం వంటి చిన్న విషయాలను సభ్యుల విజ్ఞతకే వదిలేశారు. ఓటింగ్ ఆన్‌లైన్లో. ఓటరు ఇచ్చిన ఫోన్‌కి ఓటీపీ వస్తుంది, అది కొడితే ఓటు పడుతుంది. త్రివేణి ఇంట్లో కనిపించకుండా కాపురం ఉంటున్న నూట పద్నాలుగు మందిలో సరిగ్గా సగం మందికి ఐక్యత ప్యానెల్ వారి ఫోన్ నంబరే ఉంది. మిగతా సగానికి సమైక్యత వారిది. ఫోన్లు దొరకని ఓటర్లకు తమ ఫోన్లు ఇచ్చి ఆదుకోవడమన్నది ఇరుపక్షాల సేవా దృక్పథానికి నిదర్శనం.

పందొమ్మిదో శతాబ్దంలో ఐర్లండ్‌లో ఇలాంటి ఎన్నికలే జరిగేవి. భూమి ఉన్నవాడికే ఓటు కాబట్టి భూస్వాములు తమ మనుషులకు చారెడేసి నేల లీజుకు రాసిచ్చి ఓటర్లను పండించేవారు. పోలింగు రోజున వాళ్ళను మందలాగా తోలుకెళ్ళేవారు. ఓటు అందరిముందూ నోటితో చెప్పాలి. తప్పు పేరు చెప్పినవాడికి తిరిగొచ్చేసరికి ఇల్లు ఉంటుందన్న నమ్మకం లేదు. చనిపోయినవాళ్ళు కూడా వచ్చి బాధ్యతగా ఓటేసి వెళ్ళేవారు. జాబితాలో ఎవరుండాలి, ఎవరుండకూడదని ఊరూరా తగాదాలే. ఇదంతా సాధించడానికి వాళ్ళకు తరాలు పట్టింది. మనవాళ్ళలో ఒక్కరూ ఆ చరిత్ర చదవలేదు. చదవకుండానే, ఎవరి సాయమూ లేకుండా, ఆరునెలల్లో అక్కడికి చేరుకున్నారు. తెలుగువాడి తెలివితేటల మీద అనుమానాలున్నవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

త్రివేణి తప్పులు పట్టే మనిషి కాబట్టి ఇడ్లీ చల్లారినా పట్టించుకోకుండా పేర్లు చదివింది. కాశ్యప సుభద్ర. కాశ్యప లోహిత్. కాశ్యప పార్థసారథి. మధ్యలో ఇద్దరు కౌండిన్యలు, ఒక భారద్వాజ. మళ్ళీ కాశ్యపలే. ఇంటిపేరు ఉండాల్సిన గడిలో ఉన్నవి ఇంటిపేర్లు కావు, గోత్రాలు.

ఈ పేర్లు తను ఇంతకుముందు విన్నవే. ఈ ఇంట్లోనే.

కార్తీకమాసంలో వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం జరిగింది. సంకల్పానికి గోత్రనామాలు చెప్పమన్నారు పంతులుగారు. దేవుడి ముందు పేర్లు చెప్పమంటే మనవాళ్ళెవరూ సొంత పేరుతో ఆగరు. గుంటూరులో మోకాలి ఆపరేషన్ అయిన అత్తగారు, వీసా దొరకని బావమరిది, పుట్టబోయే మనవడు, పోయిన సంవత్సరం పోయినా చెప్పడం అలవాటైన మామగారు, అందరూ వచ్చేశారు. గోత్రం తెలియనివాళ్ళను ఆనవాయితీ ప్రకారం కాశ్యప గోత్రంలో కలిపేశారు. కృష్ణమోహన్ గారి భార్య తమ కుక్క బ్రూనో కాలి గాయం మానాలని దాని పేరు కూడా చెప్పింది. సకల ప్రాణులకూ కశ్యపుడే తండ్రి కాబట్టి అభ్యంతరం లేదన్నారు పంతులుగారు.

జాబితాలో ఆఖరి పేరు: కాశ్యప బ్రూనో.

"రాకేష్! ఇవి మన వ్రతంలో చదివిన పేర్లు. ఎవరో ఎత్తుకెళ్ళి ఓటర్లుగా రాయించారు."

"పంతులుగారే అయ్యుంటడు," అన్నాడు రాకేష్ ఇడ్లీపాత్ర మూత తీస్తూ. "పోనీ లే. నువ్వు చూడనట్టుండు. ఇద్దరికీ సమానమే గదా."

"సమానమని నీకెలా తెలుసు?"

"నువ్వే అన్నవ్ గదా, సగం సగం అని."

అన్నానా అని ఆలోచించేలోగా ఫోన్ మోగింది. ఆంజనేయప్రసాద్ గారు.

"అమ్మా త్రివేణీ, మీ ఇంట్లో ఉన్న మా యాభై ఏడు మందినీ జాగ్రత్తగా చూసుకో తల్లీ. నీ ఎక్స్‌టెన్షన్ ఫైల్ నా టేబుల్ మీదే ఉంది. రోజూ పొద్దున్నే దాని మొహం చూశాకే కాఫీ తాగుతున్నా."

"సార్, వాళ్ళెవరూ మా ఇంట్లో లేరు సార్."

"ఉంటారమ్మా. సరిగ్గా వెతుకు. పెద్ద ఇల్లు కదా."

మధ్యాహ్నం కృష్ణమోహన్ గారు ఏసీ ఫిల్టర్ మార్చే నెపంతో స్వయంగా వచ్చారు. ఇంటిముందు గడ్డిలో రాకేష్ పాతిన రెండు ప్యానెళ్ళ బోర్డులూ ఒకే ఎత్తులో, దారికి ఒకే దూరంలో ఉండటం చూసి సంతోషించారు. "లీజు జూన్‌తో అయిపోతుంది కదమ్మా," అన్నారు ఫిల్టర్ దులుపుతూ. "నాకు నువ్వు కూతురితో సమానం. నా ఓటర్లు యాభై ఏడు మందికి నీడనిచ్చిన ఇంట్లోంచి మీ ముగ్గుర్ని పంపించడానికి నాకు మనసెలా వస్తుంది, చెప్పు?"

త్రివేణి ఆ రాత్రి నిధి స్కూలు బ్యాగు సర్దుతూ చాలాసేపు ఆలోచించింది. ఈ దొంగ ఓట్ల మీద ఎవరూ అభ్యంతరం చెప్పరని తేలిపోయింది. కాబట్టి అభ్యంతరం తానే రాసి, ఎన్నికల అధికారి హోదాలో దాన్ని తానే స్వీకరించి, వచ్చే ఆదివారం విచారణ అని ప్రకటించింది. విచారణకు వసుమతి గారు అధ్యక్షత వహించడానికి ఒప్పుకున్నారు. న్యాయం ఎక్కడ అన్యాయం జరిగిందో అక్కడే జరగాలని చెప్పి, వేదిక కూడా త్రివేణి ఇంట్లోనే పెట్టారు.

ఆదివారం పొద్దున తలుపు తీస్తే త్రివేణికి వాకిలి కనిపించలేదు. చెప్పులు కనిపించాయి.

ఒక ఇంట్లో మనుషులున్నారనడానికి తెలుగువాడి దృష్టిలో గుమ్మం ముందు చెప్పులకన్నా గట్టి సాక్ష్యం లేదు. ఐక్యత వారు తెల్లవారకముందే వచ్చి నూట పద్నాలుగు జతలు పేర్చి వెళ్ళారు. తర్వాత సమైక్యత వారు వచ్చి మరో నూట పద్నాలుగు పేర్చారు. తమ వంతు మాత్రమే తెస్తే ఎదుటివాళ్ళు తమ వంతు తెస్తారో లేదోనని ఒకరినొకరు నమ్మలేదు. గుమ్మం నుంచి గ్యారేజీ దాకా, అక్కడినుంచి పక్కింటి తపాలా పెట్టె దాకా చెప్పులు బారులు తీరాయి. కొన్నిటికి ధర చీటీలు వేలాడుతున్నాయి. ఒక జత మంచు మీద జారే బూట్లు. నివాస ప్రాంతంలో చెప్పుల దుకాణం నడపరాదంటూ కాలనీ సంఘం వారి ఈమెయిల్ అప్పటికే వచ్చేసింది.

వసుమతి గారు పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, చెప్పుల మధ్య నుంచి దారి చేసుకుంటూ లోపలికొచ్చి సోఫాలో కూర్చున్నారు. తొలి తీర్పు అక్కడే ఇచ్చారు. "ప్రత్యక్ష పరిశీలనలో తేలిందేమిటంటే, జాబితాలో ఉన్నవారికన్నా ఈ ఇంట్లో ఉన్నవారే రెట్టింపు. ఓటు హక్కు దక్కని ఆ మిగతా సగం మందికి జరిగిన అన్యాయానికి చింతిస్తున్నాను."

"మేడమ్," అంది త్రివేణి, "ఇది మూడు పడగ్గదుల ఇల్లు. నూట పద్నాలుగు మంది ఎలా పడతారు?"

ప్రశ్న సమంజసమైనదే. కానీ అప్పటికి రెండు ప్యానెళ్ళవారూ సాక్షులతో సహా దిగారు. సాక్షులు ఆకలితో ఉండకూడదని ఐక్యత వారు మటన్ బిర్యానీ, సమైక్యత వారు చికెన్ బిర్యానీ పెద్దపెద్ద ట్రేల్లో తెచ్చారు. హాల్లో, మెట్లమీద, గ్యారేజీలో, పెరట్లో, చివరికి బియ్యం బస్తాల మీద కూడా జనం ప్లేట్లు పట్టుకుని కూర్చున్నారు. వ్యాయామం సైకిల్ ఎక్కి తింటున్నవాడొకడు పెరుగు పచ్చడి ఎక్కడని అడుగుతున్నాడు. వసుమతి గారు ఒకసారి చుట్టూ చూసి, ఈ ఇంట్లో నూట పద్నాలుగు మంది పట్టరన్న వాదన వీగిపోయినట్టు ప్రకటించారు. చప్పట్లు కొట్టడానికి చేతులు ఖాళీ లేక జనం ప్లేట్లమీద స్పూన్లతో కొట్టారు.

త్రివేణి పట్టు వదల్లేదు. జాబితా చివరి పేరు చదివింది. "కాశ్యప బ్రూనో. ఐక్యత ప్యానెల్ వారి ఫోన్ నంబరుతో నమోదైంది. ఈయన ఎవరో చెప్పగలరా సార్?"

ఆంజనేయప్రసాద్ గారు గొంతు సవరించుకుని లేచారు.

"బ్రూనో గారి మీద అనుమానమా! ఎంత మాట! ఎనిమిదేళ్ళుగా నాకు తెలుసు ఆయన. మా కంపెనీ పుట్టినప్పటి నుంచీ నాతోనే ఉన్నాడు. మధ్యలో ప్రాజెక్టు పోయి ఆర్నెల్లు ఖాళీగా కూర్చోబెట్టినా జీతం అడగలేదు. పెట్టింది తిన్నాడు. పిలిస్తే వచ్చాడు. ఒక్కరోజు ఎదురు మాట్లాడి ఎరగడు. కులం చూడడు, ప్రాంతం చూడడు. అలాంటి విశ్వాసం ఈ రోజుల్లో మనుషుల్లో ఎక్కడుందండీ? అలాంటివాడి ఓటు తీసేస్తే ఈ సమితికి అర్థమే లేదు!"

అరుపులు, స్పూన్ల మోత. కృష్ణమోహన్ గారి మొహం మాత్రం క్రమంగా ఎర్రబడి, తర్వాత తెల్లబడింది. ఆయన మెల్లగా లేచారు.

"బ్రూనో మా కుక్క," అన్నారు. "నా చేత్తో పాలు పట్టి పెంచాను. నా మంచం మీదే పడుకుంటాడు. వాడి ఓటు... వీళ్ళకా?"

ఎవరూ నవ్వలేదు. ఒక తండ్రికి ఇలాంటి కష్టం రాకూడదని కొందరు తలలు దించుకున్నారు.

వసుమతి గారు నియమావళి తిరగేసి, కళ్ళజోడు సర్దుకుని తీర్పిచ్చారు. "ఓటరు మనిషై ఉండాలని ఎక్కడా లేదు. నివాసమే ప్రాతిపదిక. బ్రూనో నివసిస్తున్నది ఈ ఇంట్లో కాదు, కృష్ణమోహన్ గారి ఇంట్లో. కాబట్టి ఓటు కొట్టివేయనవసరం లేదు. చిరునామా సవరిస్తే సరిపోతుంది."

త్రివేణి ఆమెను చూసింది. ఆంజనేయప్రసాద్ గారిని చూసింది, కృష్ణమోహన్ గారిని చూసింది. మెట్లమీద కూర్చుని బొమ్మలేసుకుంటున్న నిధిని చూసింది. సోమవారం నుంచి ఏం జరుగుతుందో ఆమెకు చాలా స్పష్టంగా తెలుసు. ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది.

"ఎన్నికల అధికారిగా చెప్తున్నాను. ఈ ఇంట్లో ఉండేది మేం ముగ్గురం. ఈ నూట పద్నాలుగు పేర్లూ కొట్టేస్తున్నాను," అంది. కొట్టేసింది.

అప్పుడు జరిగిన అద్భుతాన్ని సమితి చరిత్రలో బంగారు అక్షరాలతో రాయాలి. ఆర్నెల్లుగా ఒకరి మొహం ఒకరు చూసుకోని ఆంజనేయప్రసాద్ గారు, కృష్ణమోహన్ గారు చేతులు కలిపి లేచారు. తెలుగువారి ఐక్యతకు భంగం కలిగించినందుకు త్రివేణిని తక్షణం పదవి నుంచి తప్పించాలని ఒకరు ప్రతిపాదించారు, మరొకరు బలపరిచారు. సమితి పుట్టాక తొలిసారి ఒక తీర్మానం ఒక్క వ్యతిరేక ఓటు లేకుండా నెగ్గింది. "నీ ఎక్స్‌టెన్షన్ గురించి రేపు లాయరుతో మాట్లాడాలమ్మా, ఏవో ఇబ్బందులు కనిపిస్తున్నాయి," అన్నారు ఆంజనేయప్రసాద్ గారు బాధగా. "జూన్‌లో మా బావమరిది వస్తున్నాడమ్మా, ఇల్లు అతనికి కావాలట," అన్నారు కృష్ణమోహన్ గారు అంతకన్నా బాధగా.

ఇంత అనర్థానికి మూలమైనవాణ్ణి కనిపెట్టాలి కదా అన్నారు వసుమతి గారు. వ్రతంలో పేర్లు విన్నది పంతులుగారే కాబట్టి నేరం ఆయనదేనని, ఇకమీదట ఫ్రిస్కోలో ఏ తెలుగింటికీ ఆయన్ను పిలవకూడదని తీర్మానం రాయడం మొదలైంది.

అప్పుడు వంటింట్లోంచి రాకేష్ వచ్చాడు. భుజమ్మీద తువ్వాలు, చేతిలో గరిటె. గదిలో ఇంకెవరూ లేనట్టు ముందు భార్య మొహం వైపు చూశాడు. తర్వాత జనం వైపు తిరిగాడు.

"పంతులుగారిని ఏమనకుండ్రి. ఆయనకు ఓటీపీ అంటే ఏందో తెల్వదు. చేసింది నేను. ఆ రోజు ఆయన పక్కన కూసోని పేర్లన్నీ ఫోన్ల రాసుకున్నది నేనే. యాభై ఏడు ఐక్యతోళ్ళకు పంపిన, యాభై ఏడు సమైక్యతోళ్ళకు పంపిన. రెండు దిక్కులా దండం పెట్టే బొమ్మ వచ్చింది. వీళ్ళు ఎవరు తమ్మీ అని ఒక్కరు అడగలే. కృష్ణమోహన్ సార్, బ్రూనో సంగతి తప్పే, మాఫ్ చెయ్యండి. సమానంగ పంచుదామంటే ఒక్క పేరు తక్కువ పడింది.

"త్రివేణీ, గట్ల చూడకు. నీకు చెప్తే నువ్వు చెయ్యనియ్యవ్. ఆంజనేయప్రసాద్ సార్ ఓడితే నీ ఉద్యోగం పోతది. కృష్ణమోహన్ సార్ ఓడితే ఇల్లు పోతది. ఇద్దరు గెలిచే ఎలక్షన్ ఇంకా ఎవ్వరు కనిపెట్టలే. గందుకే ఎవరు గెలిచినా పోయి, మీ గెలుపు మా ఇంట్లకెల్లే వచ్చింది సార్ అని చెప్పుకుందామనుకున్న. లెక్క సమానం, ఫలితం మారదు, మోసమెట్ల అయితదని నాకు నేనే చెప్పుకున్న.

"అయ్యా, అమ్మా, నన్ను దొంగ అనుండ్రి, ఒప్పుకుంట. ఒక్కటే అడుగుత. మీల ఆంజనేయప్రసాద్ సార్‌తోని 'మా ఓటు మీకే అన్నా' అని, మళ్ళ కృష్ణమోహన్ సార్‌తోని 'మా ఓటు మీకే అన్నా' అని చెప్పనోళ్ళు ఎవరన్న ఉంటే చెయ్యెత్తండి. కుడిచెయ్యి బిర్యానీల ఉంటే ఎడమచెయ్యి ఎత్తండి, ఏం కాదు. ఎత్తండి. వెనక మెట్లమీదోళ్ళు... పెరట్లున్నోళ్ళు... సైకిల్ మీది తమ్మీ, నువ్వు?

"చూసిండ్రు గదా. ఒక్క చెయ్యే లేచింది. అది మా ఆవిడది. గా ఒక్క చెయ్యితోని మీ నడుమ మేము ఎట్ల బతకాలె, మీరే చెప్పుండ్రి. గందుకే నూట పద్నాలుగు చేతులు తయారు చేసిన."